కబురు మోసిన కాళ్లు

‘చావు కబురు చల్లగా చెప్పినట్టు’ అన్న సామెత తెలుగువాళ్లందరి నోటా ఉంది. చెప్పవలసిన మాటను ఆలస్యంగా, తాపీగా చెప్పినవాణ్ణి దెప్పిపొడవడానికి దాన్ని వాడుతుంటాం. ఆ కబురు మోసుకొచ్చిన మనిషి ఎవరు, ఎన్ని మైళ్లు నడిచాడు, ఎవరు పంపితే బయలుదేరాడు, తిరిగి పోయేటప్పుడు అతని చేతిలో ఏం పడింది అన్న ప్రశ్నలకు ఆ సామెతలో చోటు లేదు. తెలంగాణ పల్లెల్లో ఆ మనిషికి ఒక కులం ఉంది, ఒక ఉద్యోగ నామం ఉంది. కూలి మాత్రం లేదు. అతన్ని బేగరి అనేవారు. మా తాత బేగరి.

బాన్సువాడ పక్కనున్న నస్రుల్లాబాద్ ఇవాళ కామారెడ్డి జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో దానికి ఆ హోదా వచ్చింది. అంతకుముందు బీర్కూర్ మండలంలో, ఇంకా ముందు నిజామాబాద్ జిల్లా బాన్సువాడ తాలూకాలో అది ఒక ఊరు. కొత్త మండలం ఏర్పడినప్పటి నుంచి ‘మన ఊరి చరిత్ర’ రాయాలన్న ఉత్సాహం చదువుకున్న యువకుల్లో కనిపిస్తోంది. వారు పోగుచేస్తున్న వివరాల్లో బడి ఉంటుంది, గుడి ఉంటుంది, మసీదు ఉంటుంది, నిజాంసాగర్ కాలువ ఉంటుంది, తొలి టపా కార్యాలయం, తొలి టెలిఫోను, తొలి బస్సు ఉంటాయి. వాటన్నిటికంటే ముందే ఊరికీ ఊరికీ మధ్య, కచేరీకీ గుడిసెకూ మధ్య మాటను మోసిన మనుషులు మాత్రం ఉండరు. యంత్రం వచ్చిన తేదీ దగ్గర మొదలయ్యే సమాచార చరిత్రలో వెట్టి కనిపించదు. ఈ వ్యాసం ఆ లోటు గురించి.

ఉర్దూ కాగితం, తెలుగు గొంతు

ఊరి పేరే ఒక పరిపాలనా భాషను గుర్తుచేస్తుంది. నస్రుల్లాబాద్‌లోని ‘ఆబాద్’ ఫార్సీ ప్రత్యయం. అసఫ్‌జాహీ రాజ్యంలో 1880ల దాకా ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ రాజభాషలుగా ఉన్నాయి. నిజాం రాజ్యపు తపాలా బిళ్లల మీద, ఉస్మానియా సిక్కా నోట్ల మీద తెలుగు అక్షరాలు అచ్చయ్యేవి. కాని తహసీల్ కచేరీలో కదిలే కాగితం ఉర్దూలోనే కదిలేది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే పాఠం చెప్పింది. 1951 జనగణన నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో నూటికి పదిమంది కూడా అక్షరాస్యులు లేరు. అందులోనూ మంజీర తీరాన ఉన్న ఈ ప్రాంతం తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ కలిసే చోటు. ఇలాంటి సమాజంలో రాజ్యం తన మాటను గుడిసె దాకా ఎలా చేర్చేది?

కాగితం తాలూకా కేంద్రం నుంచి పటేల్ పట్వారీల దగ్గరికి వచ్చేది. పట్వారీ దాన్ని చదివి, అందులో ఊరికి చెప్పవలసినంత మేరకు బేగరికి నోటిమాటగా చెప్పేవాడు. బేగరి డప్పు కాచుకొని, ఊరి కూడలి కూడలిలో నిలబడి సాటింపు వేసేవాడు. శిస్తు గడువు, జప్తు, హర్రాజు, కాలువ నీళ్లు వదిలే రోజు, తప్పిపోయిన పశువు, జాతర, గత్తర, అమీను రాక, అన్నీ ఆ గొంతు మీదుగానే జనానికి చేరేవి. ఉర్దూ కాగితంలోని ఆజ్ఞ బీడీ చుట్టే చేతికీ, నాగలి పట్టిన చేతికీ, నాటు వేసే చేతికీ అర్థమయ్యే తెలుగుగా మారే ఆఖరి మజిలీ అతని నోరు. అక్షరం రాని ఆ మనిషి అనువాదకుడు, ప్రకటనకర్త, జ్ఞాపకాల పుస్తకం. మాట మరిచిపోయినా, తప్పు చెప్పినా తిట్లూ దెబ్బలూ అతనివే. ఆజ్ఞ అన్యాయమైనదైతే జనం శాపనార్థాలు కూడా మొదట అతని చెవినే పడేవి.

డప్పు కూడా ఆ కులం శ్రమే. చచ్చిన పశువును ఊరవతలికి లాగడం, తోలు ఒలవడం, శుద్ధి చేయడం, కట్టెతో చేసిన గుండ్రటి చట్రానికి మేకతోలు బిగించడం, నిప్పుల సెగకు కాచి శ్రుతి పట్టడం, ఒక చేత సిర్ర, మరో చేత సిటికెన పుల్ల పట్టి దరువు వేయడం, ఇవన్నీ తరతరాల నైపుణ్యాలు. దరువు విని జనం అది చావో, పెళ్లో, సర్కారు మాటో పోల్చుకునేవారు. తోలును ముట్టినందుకు ఆ మనిషిని అంటరానివాడన్నారు. ఆ తోలు చేసిన శబ్దం మాత్రం ప్రతి ఇంటి వంటగది దాకా పోవడానికి ఏ అంటూ అడ్డురాలేదు.

నిజాం రాజ్యంలో గ్రామ సేవకులుగా పిలిచిన శేత్‌సింధి, మస్కూరి, నీరడి, బేగరి పనుల్లో ఎక్కువగా ఉన్నది మాల మాదిగలే. పటేల్ వెంట నడవడం, ఠాణాకు వర్తమానం మోయడం, శిస్తు బాకీదారును కచేరీకి పిలుచుకురావడం, చెరువు తూము కాయడం, అధికారి దిగితే మంచం, కట్టెలు, కోడి, పాలు సమకూర్చడం వారి విధులు. ఈ పనులకు ప్రతిఫలం కొంత ఇనాం భూమి, కళ్లంలో కొలిచి పోసే కొన్ని కుంచాలు. మన రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన శ్రమల్లో ‘బేగార్’ అన్న మాట అలాగే ఉంది. ఆ అధికరణను తరగతిలో చెప్పిన ప్రతిసారీ నాకు ఊళ్లో మా ఇంటిని గుర్తుపట్టే పేరు వినిపిస్తుంది.

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు జీవితాన్ని మార్చింది. కాలువ కింద వరి వచ్చింది, చెరకు వచ్చింది, బోధన్‌లో చక్కెర కర్మాగారం వచ్చింది. కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులు వచ్చి వర్ని, బాన్సువాడ, కోటగిరి పరిసరాల్లో క్యాంపులు కట్టుకున్నారు. మరో యాస తెలుగు మా చెవిన పడింది. కాలువ వచ్చాక కబురుకు వేగం అవసరమైంది. ఏ తూము ఎప్పుడు తెరుస్తారో, ఏ మడికి ఏ రాత్రి నీళ్లో తెలియకపోతే పంట ఎండుతుంది. ఆ కబురు పొలం గట్ల మీద నడిచి చెప్పింది నీరడి. అతని చేతిలో నీటిని మళ్లించే పార ఉంది. ఆ నీళ్లు పారిన భూమిలో అతని పేరున్నది బహు తక్కువ.

కబురుకూ కులమే

ఊళ్లో మాటలన్నిటినీ ఒకే మనిషి మోసేవాడు కాదు. శుభానికి ఒకరు, అశుభానికి ఒకరు. పెళ్లి పిలుపుకు, బొడ్రాయి పండుగ పిలుపుకు, పిల్ల పెద్దమనిషైన వార్తకు చాకలి, మంగలి. పుట్టుక కబురుకు మంత్రసాని. చావు కబురుకు మాల మాదిగలు. పిలుపు తెచ్చినవారిలోనూ కొందరు వాకిట్లోకి రావచ్చు, కొందరు అరుగు దాకా, ఇంకొందరు గల్మ బయట చెట్టు కింద దాకా. డాక్టర్ అంబేడ్కర్ చెప్పిన అంతరాల అసమానత ఎలా పనిచేస్తుందో చూడాలంటే పెద్ద గ్రంథాలు తిరగేయనక్కరలేదు. ఊళ్లో ఏ కబురును ఎవరు, ఎంత దూరంలో నిలబడి చెప్పేవారో గీత గీసి చూస్తే చాలు.

మా తాత మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఒక వానాకాలపు రాత్రి. ఊళ్లో ఒక పెద్దింటి ముసలాయన పోయాడు. బిడ్డనిచ్చిన ఊరు మంజీర అవతల, బిచ్కుంద వైపు. కబురు పోవాలి. తాతకు ఆ రోజు జ్వరం. అయినా ‘పోను’ అన్న మాట ఆ ఉద్యోగంలో లేదు. నది దాటే తోవ వెతుక్కొని, తెల్లవారుజామున ఆ ఊరు చేరి, ఇంటి ముందు దూరంగా నిలబడి కబురు చెప్పాడు. ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. బండ్లు కట్టుకొని వాళ్లు బయలుదేరారు. ఆయన తడిబట్టలతో వెనకాలే నడిచాడు. కాటికి కట్టెలు మోసింది కూడా ఆయనే. దినాలనాడు కొన్ని జొన్నలు కొంగులో పోశారట.

“వాళ్లు నిన్ను కూసోమన్నరా తాతా?” అని అడిగాను.

“మనం చెప్పెటోళ్లం బిడ్డా. ఇంకేమన్న అడిగెటోళ్లం గాదు,” అన్నాడు.

సమాచార వ్యవస్థల గురించి విశ్వవిద్యాలయంలో నేను చదివిన ఏ సిద్ధాంతమూ ఆ మాటంత స్పష్టంగా లేదు. మాటను మోసే పని ఒకరిది, మాట సొంతదారు మరొకరు. మోసేవాడికి ఆ మాట మీద సందేహం అడిగే హక్కు లేదు, జవాబు చెప్పే హక్కు లేదు. తన ఇంట్లో చావు జరిగితే ఇదే ఊళ్లో అతని కబురు మోయడానికి ఎవరూ లేరు. అతనే నడవాలి.

ఇది ఒక్క తెలంగాణ సంగతి కాదు. మద్నూరు దాటితే వచ్చే మరాఠీ దేశంలో మహర్లదీ ఇదే బతుకు. హిందువుల ఇళ్లలోని చావు, పెళ్లి కబుర్లను ఎంత దూరమైనా పొరుగూళ్ల బంధువులకు చేర్చడం అంటరానివారి విధుల్లో ఒకటని అంబేడ్కర్ నమోదు చేశారు. ఆ విధులకు ముడిపెట్టి ఇచ్చిన మహర్ వతన్ భూములు ఆ కులాన్ని ఊరి గుంజకు కట్టేసిన పలుపుతాడని ఆయన గుర్తించారు. 1928లో బొంబాయి శాసనమండలిలో వతన్ చట్టాన్ని సవరించే బిల్లు తెచ్చారు. చాకిరీ నుంచి విడుదల, భూమి మీద పూర్తి హక్కు, ఈ రెండూ కలిసి రావాలన్నది ఆయన ఆలోచన. మన దగ్గర 1955లో తెచ్చిన తెలంగాణ ప్రాంత ఇనాముల రద్దు చట్టం గ్రామ సేవకు ఇచ్చిన శేత్‌సింధి, నీరడి, బలుతా ఇనాములను పేరు పెట్టి మరీ మినహాయించింది. పెద్ద ఇనాందారు కథ ముగిసినా, కబురు మోసినందుకు వచ్చిన చిన్న చెక్క మాత్రం చాకిరీతో ముడిపడే మిగిలింది.

టపా ఇల్లు ఎవరి అరుగు మీద?

నిజాం రాజ్యానికి సొంత టపా ఉండేది. 1869లో అది తన తపాలా బిళ్లలు తెచ్చింది. 1950లో భారత తపాలా శాఖలో కలిసింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇందూరు మీదుగా రైలు నడిచింది. బాన్సువాడ వైపు రైలు రాలేదు గాని, కామారెడ్డి, ఇందూరు స్టేషన్ల నుంచి టపా, ఆ తర్వాత తారు, బస్సు, టెలిఫోను ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కబురు మోయడం తొలిసారి జీతమిచ్చే కొలువు అయింది. న్యాయంగా చూస్తే ఆ పనిలో తరాల అనుభవం ఉన్నవాళ్లకు అది దక్కాలి. దక్కలేదు.

కారణం చదువు ఒక్కటే అనుకుంటే సగం నిజమే చెప్పినట్టు. పల్లెలో టపా శాఖను నడిపే పోస్టుమాస్టరుకు సొంతంగా వేరే ఆదాయం, ఆస్తి, కార్యాలయానికి ఇవ్వగల చోటు ఉండాలన్న నిబంధన చాలాకాలం నడిచింది. కాగితం మీద అందులో కులం మాట లేదు. ఊరి నడుమ పెంకుటిల్లు, పట్టా భూమి ఎవరికి ఉన్నాయో తెలిసినవారికి ఆ నిబంధన ఎవరిని ఎంచుతుందో వేరే చెప్పనక్కరలేదు. సర్కారు టపా డబ్బా అలా ఒకరి అరుగు మీదికి చేరింది. ఉత్తరం కోసం వచ్చిన వాడ మనిషి మళ్లీ ఆ అరుగు కిందే నిలబడ్డాడు. టెలిఫోను పబ్లిక్ బూత్ విషయంలోనూ ఇదే జరిగింది. సడక్ మీద గది ఉన్నవాడికే బూత్.

2013 జూలైలో దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయినప్పుడు పత్రికలన్నీ వీడ్కోలు వ్యాసాలు రాశాయి. నూటయాభై ఏళ్ల జ్ఞాపకాలు తవ్వారు, ఆఖరి తంతి పంపడానికి జనం వరుస కట్టారు. ఆ వ్యాసాలు నేనూ ఇష్టంగా చదివాను. చదువుతున్నంతసేపూ ఒకే ఆలోచన వెంటాడింది. మా ఊళ్లో ఆఖరి చావు కబురు మోసిన బేగరి ఎవరు? ఏ రోజున ఆ నడక ఆగింది? ఆ రోజు ఎవరూ రాసుకోలేదు.

చదివిపెట్టు బిడ్డా

వాడలో ఉత్తరాల కాలం గల్ఫ్‌తో మొదలైంది. 1970ల చివరి నుంచి నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల పల్లెలు దుబాయి, సౌదీ, బహ్రెయిన్, కువైట్ బాట పట్టాయి. అప్పుచేసి వీసా కొనుక్కొని పోయినవారిలో మా వాడ మగవాళ్లు కూడా ఉన్నారు. తరతరాలుగా ఇతరుల కబుర్లు మోసిన ఇళ్లకు మొట్టమొదటిసారి తమ పేరు మీద ఒక కబురు వచ్చింది. నీలం, ఎరుపు అంచుల కవరు మీద తమ పేరు, ఇంటిపేరుతో సహా, రాసి ఉంది. కచేరీ పుస్తకాల్లో మా వాళ్ల పేర్లు ‘గాడు’తో ముగిసేవి. కవరు మీద ‘గారికి’ అని ఉంది.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు వాడలో ఉత్తరాలు చదివే పని నాకు వచ్చింది. అంతకుముందు ఆ ఆడవాళ్లు ఊళ్లోకి పోయి ఎవరి కాళ్లో పట్టుకొని చదివించుకునేవారు. భర్త పంపిన డబ్బు ఎంతో, అప్పు ఎంత తీరిందో, ఎప్పుడు వస్తాడో ఊరందరికీ ఆ అరుగు మీదే తెలిసిపోయేది. తమ ఉత్తరం తమ ఇంటి గడపలో కూర్చొని వినడం వారికి కొత్త. కొన్ని వాక్యాలు చదువుతుంటే చిన్నవాణ్ణయిన నాకు సిగ్గేసి ఆగిపోయేవాణ్ణి. “చదువు బిడ్డా, ఏం గాదు” అని వాళ్లు నవ్వేవారు, ఏడ్చేవారు. ఆ తర్వాత క్యాసెట్లు వచ్చాయి. సెలవు మీద వచ్చేవాళ్ల చేత పంపిన క్యాసెట్‌లో మనిషి గొంతే వినిపించేది. చదివిపెట్టే మనిషి అవసరమే లేదు. తమకూ తమ మనిషికీ నడుమ మూడోవాడు లేకుండా మాట్లాడుకోవడం ఎంత పెద్ద స్వేచ్ఛో ఆ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చున్న ఆడవాళ్ల ముఖాల్లో చూశాను. సమాచార సాంకేతికత కులాన్ని రద్దు చేస్తుందన్న భ్రమ నాకు లేదు. కాని అది మధ్యలో నిలబడ్డ అరుగును కొన్నిసార్లు దాటవేయగలదు. దాటిన ప్రతి చోటా పాత కాపలాదారు కొత్త కాపలా వెతుక్కుంటాడన్నదీ నిజమే.

మాట బంద్

ఆ కొత్త కాపలా ఏమిటో ఉత్తర తెలంగాణ పల్లెల్లో చూస్తున్నాం. నిజామాబాద్ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో నడిచే పెత్తనాలు చట్టంలో లేనివి, ఊళ్లో మాత్రం పంచాయతీ కంటే బలమైనవి. హర్రాజులు వేస్తాయి, జరిమానాలు విధిస్తాయి. మాట వినని కుటుంబాన్నో, కులాన్నో వెలివేస్తాయి. ఇలాంటి వార్తలు ఏటా పత్రికల జిల్లా పేజీల్లో వస్తూనే ఉన్నాయి. వెలి అంటే ఏమిటి? వారికి సరుకు అమ్మవద్దు, వారిని పనికి పిలవవద్దు, ఆటో ఎక్కించుకోవద్దు, వారితో మాట్లాడవద్దు, మాట్లాడితే జరిమానా. నిప్పు, నీరుతోపాటు మాటను బంద్ చేయడమే వెలి. కొన్నిచోట్ల ఆ నిర్ణయాన్ని ఊరికి చాటింది డప్పే. ఇప్పుడు కొంత మైకు, కొంత వాట్సాప్.

అంటే, ఒకప్పుడు కొన్ని కులాల నోటిని ఊరి మాట మోయడానికి వాడుకున్న వ్యవస్థ, ఆ కులాలు సొంత మాట మాట్లాడగానే అసలు మాటనే నిషేధిస్తోంది. రెండూ ఒకే అధికారానికి రెండు పనులు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడాలో నిర్ణయించే హక్కు తనదేనన్నది ఆ అధికారం.

వెలిని నేరంగా పరిగణించాలని 1947లోనే అంబేడ్కర్ ‘రాష్ట్రాలు–మైనారిటీలు’ పత్రంలో ప్రతిపాదించారు. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను నేరాల జాబితాలో చేర్చింది. అయితే గ్రామ కమిటీల వెలికి గురవుతున్నవారిలో కల్లుగీత, చాకలి, మంగలి వంటి వెనుకబడిన కులాలూ ఉన్నాయి. వారికి ఆ చట్టం వర్తించదు. మహారాష్ట్ర 2016లో అన్ని వర్గాలకూ వర్తించేలా సామాజిక బహిష్కరణ నిరోధక చట్టం చేసింది. మద్నూరు సరిహద్దు దాటితే నేరమైనది మన వైపు ‘ఊరి కట్టుబాటు’గా చెలామణి అవుతోంది. అలాంటి చట్టం తెలంగాణకు అవసరం. శాసనసభలో ఉన్న ఏ పక్షమైనా ఈ బిల్లును ప్రతిపాదించవచ్చు. ఇంతకాలం ఏ పక్షమూ ఎందుకు పట్టించుకోలేదో ఊరి ఓట్ల లెక్క తెలిసినవారికి అర్థమవుతుంది.

దరువు మారింది

మాట్లాడే హక్కు కోసం ఈ నేల మీద పోరాటం పాతదే. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డివర్మ హరికథల ద్వారా, పత్రికల ద్వారా ఆది హిందువుల గొంతు వినిపించారు. మంజీర ఎగువన ఉన్న జోగిపేటలో 1930లో జరిగిన తొలి ఆంధ్ర మహాసభలో ఆయన మాట్లాడబోతే సనాతనులు అభ్యంతరం చెప్పారు. తెలుగువాళ్లకు మాట్లాడే వేదిక కావాలని పెట్టిన సభలోనే ఒక తెలుగువాడి మాటకు అడ్డు వచ్చింది. మన అభ్యుదయ చరిత్రలో ఈ సంగతిని దాటవేయకూడదు. ఊళ్లలో చిందు కళాకారులు మరో దారిన ఆ పనే చేశారు. పెద్ద పురాణం తమకు ఇవ్వని పుట్టుకను జాంబవ పురాణంలో చెప్పుకున్నారు. బోధన్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ ఆ గొంతుకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చారు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన ఉద్యమం తనకు ‘దండోరా’ అని పేరు పెట్టుకుంది. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ పేరు చేసిన పని గమనించవలసింది. ఇతరుల ఆజ్ఞలు చాటడానికి బలవంతంగా మెడలో వేసిన వాద్యం సొంత డిమాండ్‌ను చాటే వాద్యమైంది. కులం పేరును దాచుకొనే రోజుల్లో దాన్ని ఇంటిపేరులా ధరించడం మొదలైంది. ముప్పై ఏళ్ల ఆ చాటింపు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు దాకా, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమల్లోకి వచ్చిన చట్టం దాకా నడిచింది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 అక్టోబరులో మొదలైన సంఘం రేడియోను దళిత స్త్రీలే నడుపుతున్నారు. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో వారే నిర్ణయిస్తున్నారు. బేగరి బతుకుకూ ఆ రేడియోకూ ఉన్న తేడా యంత్రంలో కంటే ఆ నిర్ణయంలో ఎక్కువగా ఉంది.

పాత వ్యవస్థ పూర్తిగా పోయిందనుకోవద్దు. 1984లో పటేల్ పట్వారీల వ్యవస్థ రద్దయింది. వారి కింద నడిచిన గ్రామ సేవకులు పేర్లు మార్చుకుంటూ చివరికి వీఆర్‌ఏలుగా మిగిలారు. పేస్కేలు కోసం 2022లో వారు 80 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. 2023లో ఇరవై వేలమందికి పైగా వీఆర్‌ఏలను వివిధ శాఖల్లో సర్దుబాటు చేశారు. కొందరు నీటిపారుదల శాఖకు పోయారు. నీరడి మనుమడు తూముల దగ్గరికే తిరిగి చేరాడు, ఈసారి జీతం చిట్టాతో. ఆ చిట్టా కోసం ఎన్ని తరాలు ఉచితంగా నడిచాయో ఏ ఉత్తర్వులోనూ రాయలేదు.

జర్నలిజం, సామాజిక శాస్త్రాలు చదివే విద్యార్థులకు ఒక మాట. మన పాఠ్యపుస్తకాల్లో డప్పు చాటింపు ‘సంప్రదాయ మాధ్యమం’ అన్న శీర్షిక కింద, బుర్రకథ, తోలుబొమ్మలాట పక్కన, రెండు పేరాల్లో ఉంటుంది. ఆ రెండు పేరాల్లో కులం లేదు, వెట్టి లేదు, ఇనాం భూమి లేదు. వెట్టిని కళగా చూపించి మెచ్చుకోవడం కూడా ఒక రకమైన మరుపే. ఆ పేరాలను మీరు తిరగరాయవచ్చు. మీ ఊళ్లో డెబ్బై దాటిన బేగరి, నీరడి కుటుంబాల వృద్ధులు ఇంకా కొందరు బతికి ఉన్నారు. వారి దగ్గర కూర్చోండి. ఏ ఊరికి ఎన్ని మైళ్లు నడిచారో, ఏం ఇచ్చారో, ఎక్కడ నిలబెట్టారో అడిగి రాసుకోండి. తహసీల్ కార్యాలయాల్లో పాత సేవా ఇనాం దస్త్రాలు ఉంటే, అందులో ఉన్న పేర్లు, సర్వే నంబర్లు ఎత్తిరాసుకోండి. ఆ నంబర్లు ఇవాళ ఎవరి పట్టాలో ఉన్నాయో చూడండి. చరిత్ర పాఠంగా మొదలైన ఆ పని భూమి ప్రశ్న దగ్గరికి చేరితే ఆశ్చర్యపోవద్దు. అది చేరవలసిన చోటు అదే.

నస్రుల్లాబాద్ చరిత్ర రాస్తున్న యువకులను నేను కోరేది చిన్న విషయం. తొలి టపా కార్యాలయం ఎప్పుడు వచ్చిందో తప్పకుండా రాయండి. దాని ముందు ఒక పేజీ వదలండి. ఆ పేజీలో ఊరి కబుర్లు మోసిన బేగరుల పేర్లు, తెలిసినన్ని, వరుసగా రాయండి. చివర ‘గాడు’ తీసేసి రాయండి.